అయిదు లెక్కపెట్టేదాకా

పప్పులో ఉప్పు సరిపోయిందా అని నన్నడిగినా జవాబు మా ఆయనే చెబుతాడు. వండింది నేను, రుచి చూసింది నేను, చుట్టం అడిగిందీ నన్నే. "సరిపోయిందండీ, మా సంధ్య చేతి లెక్క తప్పదు" అంటాడు పట్టాభి, నా మొహం వైపు చూడకుండానే. అది మెప్పు అనుకుని పదిహేనేళ్ళు గరిటె తిప్పాను. ఆ ఆదివారం పొద్దున కూడా గరిటే తిప్పుతున్నాను. ఒక పొయ్యి మీద అట్టు, రెండో పొయ్యి మీద అత్తయ్యగారి స్నానానికి నీళ్ళు. పై అంతస్తు గంగాధరరావుగారు పేపరు కోసం వచ్చి, వంటింటి గుమ్మం దాకా నడిచి, "ఏమ్మా, ఇల్లు అమ్మేసి బెజవాడ వెళ్ళిపోతున్నారట కదా, నీకు ఇష్టమేనా?" అన్నాడు.

నేను ఆ మాట వినడం అదే మొదలు. చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. ఏమనాలో వెతుక్కుంటున్నాను, అంతలో హాల్లోంచి పట్టాభి గొంతు వచ్చేసింది. "ఇష్టం కాక ఏముందండీ! నాకంటే తనకే తొందర."

అట్టు మాడింది. గంగాధరరావుగారు "మంచిది మంచిది" అనుకుంటూ పేపరు తీసుకుని వెళ్ళిపోయాడు.

"ఎప్పుడనుకున్నారు?" అని అడిగాను, అట్టు చెత్తబుట్టలో వేసి వచ్చి.

"నీకు చెప్పలేదూ? చెప్పాననుకున్నానే" అన్నాడు పట్టాభి. నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆయన నాకు అబద్ధాలు చెప్పడు, ఆ మాట ఒప్పుకోవాలి. నాకు చెప్పడానికీ తనకు తాను అనుకోవడానికీ ఆయన మనసులో తేడా లేదు, అంతే. "వినయ్ అక్కడి కాలేజీలో నా గురించి మాట్లాడాడు. దీపావళి దాటాక చేరాలి. ఇక్కడ చూస్తున్నావుగా మీవాళ్ళ గొడవ. రేపు రాష్ట్రం విడిపోతే మన పరిస్థితేంటి?"

వినయ్ ఆయన తమ్ముడు. 'మీవాళ్ళు' అంటే నేను పుట్టిన నల్గొండ జిల్లా మొత్తం, దాంతోపాటు మిగతా తెలంగాణ కూడా. పట్టాభి చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. సకల జనుల సమ్మె మొదలైన దగ్గర్నుంచి సెంటరుకు తాళం. బస్సుల్లేవు, బళ్ళు లేవు. పాలవాడు ఆలస్యంగా వచ్చినా "మీవాళ్ళు" అంటాడు, కరెంటు పోయినా "మీవాళ్ళు" అంటాడు. ఆ సమ్మెకు పిలుపు నేనే వంటింట్లో కూర్చుని ఇచ్చినట్టు. అదే నోటితో "మనం" బెజవాడ వెళ్తున్నాం అంటాడు. ఈ ఇల్లు మా ఇద్దరి పేరు మీదా ఉంది, నా జీతం కూడా చూపిస్తే తప్ప బ్యాంకువాళ్ళు లోను ఇవ్వలేదు కాబట్టి. ఆ సంగతి ఇద్దరం మరిచిపోయి చాలా ఏళ్ళయింది.

"మరి నా కోర్సు?" అన్నాను.

"దానికేముంది, అక్కడా పిల్లలుంటారు."

అత్తయ్యగారు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చారు. సీతామహాలక్ష్మిగారు, తెనాలి పక్క పల్లెటూరు. "పిల్లల్తో మాట్లాడటానికి ట్రైనింగేంటమ్మా, చోద్యం కాకపోతే! నేను నలుగుర్ని పెంచాను, ఒక్క క్లాసుకీ వెళ్ళలేదు. నీళ్ళు కాగాయా?"

కాగాయి. తోడి ఇచ్చి, మళ్ళీ అట్లు పోసి, మధ్యాహ్నానికి కూర కలిపి మూతపెట్టి, చీర మార్చుకుని బయటపడ్డాను. మూసారాంబాగ్‌లో పది గంటలకు క్లాసు. నడవాల్సిందే.

దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో వంటావార్పు జరుగుతోంది. రోడ్డుకు అడ్డంగా రాళ్ళ పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గంజుల్లో అన్నం వండుతున్నారు. గరిటెలు తిప్పేవాళ్ళంతా మగవాళ్ళే. వకీళ్ళు, లెక్చరర్లు, ఉద్యోగులు. చుట్టూ కెమెరాలు. అబద్ధమెందుకు, నాకు గర్వమనిపించింది. ఆ పాటలు మా ఊరి పాటలు, ఆ గొంతులు మా మేనమామల గొంతులు. కానీ ఇంకో మాట కూడా అనిపించింది. మగవాళ్ళు ఒక పూట రోడ్డు మీద వండితే అది పోరాటం, పేపర్లో ఫొటో. మా వంటావార్పు పదిహేనేళ్ళుగా ఒక్క పూటా ఆగలేదు, దాన్ని ఏ పేపరువాడూ వెయ్యలేదు. ఒకతను ఆకులో అన్నం పెట్టి "తిను అక్కా" అన్నాడు. "లేదండీ, లేటవుతుంది" అన్నాను. అతను నన్ను అదోలా చూశాడు. ఆ 'లేదండీ' నాది కాదని అతనికి తెలిసినట్టే ఉంది.

నా ఉద్యోగం ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో కౌన్సెలర్. పేరు అది. చేసేది వాంతి చేసుకున్న పిల్లల మొహం కడగడం, ఫీజు కట్టని తల్లిదండ్రులకు సర్ది చెప్పడం, టీచర్ రాకపోతే ఆ క్లాసులో కూర్చోవడం. చదివింది ఎమ్మే సైకాలజీ. ఏడుస్తూ వచ్చిన పిల్లల్ని "ఏడవకూడదమ్మా" అని పంపించడం తప్ప నాకేమీ చేతకాదన్న సంగతి నన్ను చాలాకాలం తినేసింది. అందుకే ఈ కోర్సులో చేరాను. పిల్లలకూ టీనేజర్లకూ చేసే సైకోథెరపీలో ఏడాది శిక్షణ. మా గురువు డాక్టర్ లలితకుమారి మొదటి రోజే చెప్పింది: "మంచి మనసు ఉంటే చాలనుకునేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళొచ్చు. ఇక్కడ ఏది చేసినా ముందు అది పిల్లల మీద పనిచేస్తుందని పరిశోధనలో నిలబడాలి. మీరు చేసింది పనిచేసిందో లేదో ప్రతి వారం చూసుకోవాలి. మీ అనుభవం, మీ ప్రేమ, మీ సలహాలు గుమ్మం బయట పెట్టండి." నేను వాటితో పాటు చెప్పులు కూడా బయట పెట్టి కూర్చున్నాను.

కోర్సు పూర్తవ్వాలంటే ఒక పిల్లనో పిల్లాడినో మొదట్నుంచి చివరిదాకా చూడాలి. మధ్యలో వదిలేస్తే అది లెక్కలోకి రాదు. నాకు దొరికిన పిల్ల మా బడిలో మూడో తరగతి. అసలు పేరు చెప్పకూడదు, వెన్నెల అందాం. నాన్న సైదులు ఆటో నడుపుతాడు, అమ్మ ముత్తమ్మ. నల్గొండ నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో కిరాయికి ఉంటున్నారు. వెన్నెల బడిలో ఒక్క మాట మాట్లాడి ఏడాది దాటింది. ప్రిన్సిపాల్ "మూగపిల్లల బడికి మార్చుకోండి, టీసీ ఇస్తాం" అన్నాడు.

"మూగదెట్లయితది మేడం?" అంది ముత్తమ్మ నా గదిలో కూర్చుని. "ఇంట్ల మస్తు మాట్లాడ్తది. మా చెవులు తింటది. బడి గేటు కాడికి రాంగనే బిగుసుకపోతది. ఒంటికొస్తే గూడ అడగదు, లాగుల పోసుకుంటది. పిల్లలు నవ్వుతరు. జర మీరే ఏదన్న చెయ్యుండ్రి."

దీనికి సెలెక్టివ్ మ్యూటిజం అని పేరుంది. ఇంట్లో గలగలలాడే పిల్లకు బయట గొంతు పెగలకపోవడం. పొగరూ కాదు, మొండితనమూ కాదు, అది భయం. రెండో తరగతిలో టీచర్ "టిఫిన్ బాక్సులో ఏం కూర?" అని అడిగితే "ఆలుగడ్డ" అని చెప్పిందట. "ఆలుగడ్డ ఏంటి, బంగాళాదుంప అనాలి, అను" అని టీచర్ అందరిముందూ అనిపించిందట, క్లాసంతా నవ్విందట. "ఆ నవ్వొక్కటే కారణం అనుకోకండి" అంది లలితకుమారి. "పుట్టుకతో బెదురు ఉన్న పిల్ల. ఆ నవ్వు తలుపు మూసింది. ఇప్పుడు మనం తలుపు బద్దలు కొట్టకూడదు, కొంచెం కొంచెంగా తియ్యాలి."

ఆ ఆదివారం క్లాసులో నా వీడియో వేశారు. ముత్తమ్మ, సైదులు ఒప్పుకున్నాకే తీసింది. మా అమ్మాయి అమల తన కెమెరా ఇచ్చి, ఎలా తియ్యాలో నేర్పింది. తెర మీద నన్ను నేను చూసుకోవడం అదే మొదటిసారి. చీర కుచ్చిళ్ళు సరిగ్గానే ఉన్నాయి, అది తప్ప ఏదీ సరిగ్గా లేదు. "వెన్నెలా, ఆకలేస్తోందా?" అంటున్నాను. వెంటనే నేనే, "వేస్తున్నట్టుంది కదూ." "బొమ్మ గీస్తావా? గీస్తుందిలే, పెన్సిలివ్వండి." "ఎర్ర రంగు ఇష్టమా? ఇష్టమే." మధ్యలో నా ఫోను మోగింది. కుక్కరు రబ్బరు ఎక్కడుందని పట్టాభి. అది కూడా రికార్డయింది. క్లాసులో ముప్ఫైమందీ నవ్వారు, నేనూ నవ్వాను.

లలితకుమారి వీడియో ఆపింది. "సంధ్యా, ఈ పిల్లకు నోరు తెరిచే అవసరం మీరు ఎక్కడ మిగిల్చారు?"

నవ్వులు ఆగిపోయాయి.

"మీ ఒక్కరి తప్పే కాదు, అందరం చేసేదే" అంది ఆమె. "పిల్లను ఏదైనా అడిగాక ఒక నిశ్శబ్దం వస్తుంది. అది మనం భరించలేం. పాపం ఇబ్బంది పడుతోందని మనమే జవాబు చెప్పేస్తాం. ఆ క్షణానికి అందరికీ హాయి. కానీ పిల్ల ఏం నేర్చుకుంటుంది? నేను మాట్లాడక్కర్లేదు, నా బదులు మాట్లాడేవాళ్ళున్నారు అని. రోజూ ఇలా జరిగితే భయం ఇంట్లో మనిషిలా స్థిరపడిపోతుంది. అందుకే అడిగాక మనసులో అయిదు లెక్కపెట్టండి. ఎవరూ జవాబు చెప్పకూడదు. అప్పటికీ రాకపోతే మళ్ళీ అడగండి, కానీ అవునా కాదా అని అడగొద్దు, తల ఊపి తప్పించుకుంటుంది. ఇదా, అదా అని అడగండి. మాట వచ్చే తీరాలి, అలా అడగండి."

అందరూ రాసుకున్నారు. నేను రాసుకోలేదు. నా చెవుల్లో "ఇష్టం కాక ఏముందండీ" అన్న మాట గింగురుమంటోంది. ఎనిమిదేళ్ళ పిల్ల గురించి చెబుతున్న ప్రతి మాటా నాకు వచ్చి తగులుతోంది. పట్టాభి చెడ్డవాడు కాడు, కొట్టడు, తిట్టడు. నా బదులు మాట్లాడతాడు, అంతే. ఆ 'అంతే' ఎంత పెద్దదో నాకు అప్పుడు తెలిసింది. నేనేమైనా తక్కువ తిన్నానా? ఆయన ఎవరి మీదైనా విసుక్కుంటే "తలనొప్పండీ, అందుకే" అని వాళ్ళకు నేను చెబుతాను. అమల పుట్టినరోజు మరిచిపోతే "నాన్నకి పని ఎక్కువమ్మా" అని నేను చెబుతాను. ఆయన ఎవరికీ క్షమాపణ చెప్పాల్సిన అవసరం నేనే మిగల్చలేదు.

క్లాసు అయ్యాక లలితకుమారి నన్ను ఆగమంది. "ఇంకొకటి. ఆ పిల్ల తల్లితో మాట్లాడే భాష వేరు, మీరు మాట్లాడేది వేరు. మీరు పత్రికలో రాసినట్టు మాట్లాడుతున్నారు. మీదే ఊరు?"

"నకిరేకల్ దగ్గర మేడమ్."

 నేనే ఏదో సంజాయిషీ చెప్పుకోబోయి ఊరుకున్నాను.

ఏం చెప్పను? పట్టాభీ నేనూ ఒకే కోచింగ్ సెంటర్లో పనిచేసి, ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాం. పెళ్ళయిన వారానికి తెనాలి వైపు వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాడు. ఇంటినిండా చుట్టాలు. నేను కడిగిన గిన్నె పట్టుకుని, "అత్తమ్మా, గీ గంజు యాడ పెట్టాలె?" అన్నాను. ఇల్లంతా ఒక్కసారి ఘొల్లుమంది. పగతో కాదు, ముచ్చటగానే. కానీ ఆ ముచ్చట అక్కడితో ఆగలేదు. ఏ పెళ్ళికి పోయినా, ఏ పేరంటానికి పోయినా, "మా కోడలి గంజు కథ చెప్పనా" అని అత్తయ్యగారు మొదలుపెట్టేవారు. చిన్నపిల్లలు నా ముందుకొచ్చి "యాడ, యాడ" అని గెంతేవాళ్ళు. ఆరు నెలల్లో భాష మార్చేసుకున్నాను. పోతా అనేది వెళ్తాను అయింది, అత్తమ్మ అత్తయ్యగారు అయింది. పట్టాభి స్నేహితులు వస్తే, "మా ఆవిడది నల్గొండ అంటే మీరు నమ్మరండీ, మాట వింటే అస్సలు తెలీదు" అని గొప్పగా చెప్పేవాడు. వాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. మా అమ్మ మాత్రం ఫోన్లో, "ఏందే గట్ల మాట్లాడ్తున్నవ్, మేమేమన్న పరాయోళ్ళమా?" అనేది. ఈ కథ కూడా చూడండి, ఏ భాషలో రాస్తున్నానో.

బంద్ ఎవరికి నష్టమైనా నాకూ వెన్నెలకూ కలిసొచ్చింది. బడి ఖాళీగా ఉంది. పిల్లలు లేని తరగతి గది వెన్నెలకు తక్కువ భయం, అక్కడ్నుంచి మెట్టు మెట్టుగా ఎక్కించవచ్చు. వాచ్‌మన్ తాళం తీసేవాడు. మొదట ముత్తమ్మ, వెన్నెల మాత్రమే లోపల ఆడుకున్నారు. నేను వరండాలో, ఇటు తిరిగి. లోపలి నుంచి గుసగుసలు వినిపించాయి. తర్వాతి వారం గుమ్మంలో నిలబడ్డాను, గుసగుసలు ఆగి, కాసేపటికి మళ్ళీ మొదలయ్యాయి. ఆ తర్వాత చివరి బల్ల మీద, ఆ తర్వాత పక్క బల్ల మీద. ఒక్కో రోజు నేను జరిగింది నాలుగడుగులు కూడా కాదు. పట్టాభి వింటే "ఇందుకా జీతం?" అనేవాడు.

ఆ రోజు ఒక గుడ్డసంచిలో కూరగాయలు వేసుకుని వెళ్ళాను. చెయ్యి లోపల పెట్టి, చూడకుండా పట్టుకుని, ఏమిటో చెప్పే ఆట. నేను అడగాలి, పిల్ల చెప్పాలి. అడగడానికి నోరు తెరిచాను. 'ఇదేమిటమ్మా' అని వచ్చేస్తోంది, దాన్ని ఆపాను. నా మాటతో అడగాలి. రాలేదు. మొహం వేడెక్కింది. ఖాళీ బడిలో, నా ముందున్న ఇద్దరూ అదే మాట మాట్లాడే మనుషులైనా, ఎక్కడ్నుంచో ఎవరో ఘొల్లుమంటారేమో అనిపించింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ దాన్ని. నాకూ లోపల తలుపు మూసుకుపోయే ఉందని, ఆ పిల్ల భయం నాకు పుస్తకంలో చదివి తెలిసింది కాదని అప్పుడు అర్థమైంది. ఎలాగో అన్నాను. "గిదేంది బిడ్డా? ఆలుగడ్డనా, ఉల్లిగడ్డనా?"

వెన్నెల సంచిలో చెయ్యి పెట్టి కదలకుండా ఉంది. ఒకటి. ముత్తమ్మ నోరు తెరవబోయి, నా మొహం చూసి మూసుకుంది. రెండు. మూడు. ఎప్పుడూ ఇంత పొడుగు మూడు నేను లెక్కపెట్టలేదు. నాలుగు.

"ఆలుగడ్డ" అంది వెన్నెల.

చప్పట్లు కొట్టకూడదు, గంతులెయ్యకూడదు, అలా చేస్తే పిల్ల మళ్ళీ ముడుచుకుంటుంది. మామూలుగా, "ఆలుగడ్డ అని మంచిగ చెప్పినవ్" అన్నాను. ముత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. నేను ఇంటికొచ్చి బాత్రూంలో కుళాయి తిప్పి బాగా ఏడ్చాను. సంతోషమో, పదిహేనేళ్ళ బాకీనో నాకు తెలియదు.

అంత జరిగినా ఇంట్లో మాత్రం నా పరిస్థితి ఎక్కడి గొంగళి అక్కడే. "నాకు బెజవాడ రావడం ఇష్టం లేదు" అని చెప్పాలని ప్రతిరోజూ అనుకునేదాన్ని. ఒకసారి బట్టలు ఆరేస్తూ "ఏమండీ, ఇంటి సంగతి" అన్నాను. "నువ్వేం కంగారు పడకు, సామాను సర్దడానికి మనుషుల్ని పెడదాం" అన్నాడు. నా కంగారు ఏమిటో కూడా ఆయనే చెప్పేశాడు. ఇంకోసారి భోజనాల దగ్గర అత్తయ్యగారితో అన్నాను. "మొగుడితో వెళ్ళడానికి కూడా నీకు ట్రైనింగ్ కావాలా?" అన్నారావిడ. ఆవిడను మాత్రం నలుగుర్నీ పెంచినప్పుడు ఎవరు అడిగారు, ఏం కావాలని? ఆ జాలి కలిగింది కానీ, జాలితో నా కడుపు నిండలేదు.

దసరా దాటింది. బళ్ళు తెరుస్తారని చెప్పుకుంటున్నారు. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. పిల్లలున్న గదిలో, టీచర్ ముందు, వెన్నెల మాట్లాడాలి. ఆఖరి మెట్లన్నీ అక్కడే ఉన్నాయి. ముందు ఒక్క స్నేహితురాలితో, గుమ్మం దగ్గర నేను నిలబడి ఉండగా, అని ముత్తమ్మ, సైదులు, నేను అనుకున్నాం. వెళ్ళేటప్పుడు సైదులు ఆటో స్టార్ట్ చేశాడు. వెన్నెల ఎక్కబోయి ఆగి, వెనక్కి వచ్చింది. అప్పటిదాకా అడిగినవాటికి జవాబు చెప్పడమే తప్ప ఎప్పుడూ తనంతట తాను నన్నేమీ అడగలేదు.

"మేడం, బడి తెరిసినంక మీరుంటరా, పోతరా?"

ఎవరు చెప్పారో, ఎక్కడ విన్నదో. సైదులు "మేడం యాడికి పోతది, ఉంటది తియ్" అనబోయాడు. ముత్తమ్మ అతని భుజం మీద చెయ్యేసి ఆపింది. పిల్ల నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నా కోసం ఎదురుచూసింది. నా జవాబు కోసం ఎవరైనా అలా నిలబడి నాకెన్నాళ్ళయిందో! పెదవులు కదిలినట్టు అనిపించింది, బహుశా లెక్కపెడుతోందేమో.

"ఉంటా బిడ్డా" అన్నాను.

అన్నాక భయం పట్టుకుంది. పిల్లకు మాట ఇచ్చి తప్పితే జరిగేది ఏమిటో నాకు బాగా తెలుసు.

ఆ వచ్చిన ఆదివారమే ఇల్లు చూసుకోవడానికి చక్రపాణి అనే ఆయన వచ్చాడు. అబ్దుల్లాపూర్‌మెట్‌లో లారీలు నడుపుతాడట. వెంట వాళ్ళమ్మ కౌసల్యమ్మ. మాట కుదిర్చింది గంగాధరరావుగారే కాబట్టి ఆయనా వచ్చాడు. పట్టాభి గదులన్నీ తిప్పి చూపించాడు, ఎండ ఎటు వస్తుందో, నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పాడు. నీళ్ళు ఎప్పుడొస్తాయో ఆయనకు తెలియదు, తప్పు చెప్పాడు. అందరూ హాల్లో కూర్చున్నారు. నేను టీ తెచ్చాను. అమల బిస్కట్ల ప్లేటు పట్టుకుని నా వెనకే వచ్చింది.

కౌసల్యమ్మ కప్పు అందుకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "ఇద్దరి పేరు మీద ఉన్నదంట గద బిడ్డా ఇల్లు. ఇడిసిపోనీకి నీ మనసుకు ఒప్పుతున్నదా, లేదా? ఆడిదాని కంట్ల నీళ్ళు పెట్టిచ్చి ఇల్లు తీసుకుంటే మంచిగుండదు."

"అబ్బే, ఆవిడకి ఇష్టమేనండీ" అన్నాడు పట్టాభి. "నాకంటే తనకే తొందర."

కౌసల్యమ్మ ఆయన వైపు తిరగలేదు. నన్నే చూస్తోంది. నేను ట్రే బల్ల మీద పెట్టాను. కప్పులు గలగలమన్నాయి.  మళ్ళీ అదే వేడి, అదే ఘొల్లుమనే ఇల్లు. ఒకటి. గంగాధరరావుగారు దగ్గాడు. రెండు. "మా కోడలు సిగ్గరి లెండి" అని అత్తయ్యగారు మొదలుపెట్టారు. అమల వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "నానమ్మా, ఉండు. అమ్మని చెప్పనీ." నా వీడియోలకు కెమెరా సర్దిన పిల్ల, దానికి ఆ నియమం తెలుసు. మూడు. నాలుగు.

"లేదమ్మా" అన్నాను. "నాకు ఇష్టం లేదు. నేను యాడికి పోను. ఇల్లు అమ్మనీకి నేను సంతకం పెట్ట."

మా ఇంట్లో నా మాట నా నోటితో వినిపించడం అదే మొదలు. ఎవరూ నవ్వలేదు. కౌసల్యమ్మ నా చెయ్యి వదిలి, కప్పు కింద పెట్టి, "లే చక్రపాణీ, పోదాం" అంది. చక్రపాణి లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

పట్టాభి మొహం తెల్లబోయింది. "ఏంటి సంధ్యా ఇది, నలుగురిలో? లోపలికి రా, మాట్లాడదాం."

లోపలికి వెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఇద్దరి మాటలూ ఆయనే మాట్లాడతాడు. నేను కదల్లేదు. అవునా కాదా అని అడిగితే తప్పించుకుంటాడు కాబట్టి, నేర్చుకున్న పద్ధతిలోనే అడిగాను. "ఇక్కడ్నే చెప్పుండ్రి. నన్ను అడిగి అమ్ముతున్నరా, అడగకుండ అమ్ముతున్నరా?"

ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు. గంగాధరరావుగారి వైపు చూశాడు. ఆఖరికి నా వైపు చూశాడు, ఎప్పటిలా. ఆ చూపు నాకు కొట్టినపిండి. ఈ ఇబ్బందిలోంచి నన్ను బయటపడెయ్ అని దానర్థం. "పోనీలెండి, ఆయన నా మంచికే అనుకున్నారు" అన్న మాట నా నాలుక చివరదాకా వచ్చింది. పదిహేనేళ్ళ అలవాటు, ఊరికే పోతుందా?

ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు.

ఆయన తరఫున నేను జవాబు చెప్పలేదు.